పాత హోండా సిటీకి కొత్త బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు: డబ్బు ఎక్కడ పెట్టాలి

2008లో మన దేశంలో విడుదలైన మూడో తరం హోండా సిటీ ఇప్పటికీ చాలా ఇళ్లలో నమ్మకంగా నడుస్తోంది. దాని ఇంజనుకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు కానీ, ఈ వయసుకు వచ్చేసరికి ముందు చక్రాలతో పాటు తిరిగే ఇనుప డిస్కులు, వాటిని నొక్కి పట్టి కారును ఆపే ప్యాడ్లు రెండూ కలిపి మార్చక తప్పని పరిస్థితి వస్తుంది. మా ఇంటి సిటీకి ఆ పని చేయించి, వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ నడిపి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఇలాంటి కుటుంబ కారుకు ఖరీదైన పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు వేయించడం దండగ. ఆ డబ్బుతో సరైన మందం గల సాదా డిస్కులు కొని, మిగిలినది ఓపికగా బిగించే మెకానిక్కు కూలికి ఇస్తే తేడా కాలికి తెలుస్తుంది.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కంటిచూపుతో తేల్చే విషయం కాదు. ఈ కారు ముందు డిస్కు కొత్తగా ఉన్నప్పుడు 21 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 19కి దిగితే తీసి పారేయాలి. ఈ కనీస మందం డిస్కు మీదనే అచ్చు వేసి ఉంటుంది, తుప్పును వైరు బ్రష్షుతో గీకితే అంకె బయటపడుతుంది. అయితే కొలవడంలో ఒక చిక్కు ఉంది. ప్యాడు తాకని బయటి అంచున తుప్పు పట్టిన సన్నని గట్టు మిగిలిపోతుంది. మామూలు వర్నియర్ కొలబద్ద దవడలు సరిగ్గా ఆ గట్టు మీదనే ఆనతాయి కనుక, లోపల బాగా అరిగిపోయిన డిస్కు కూడా దాదాపు కొత్తదానిలా కొలతకు వస్తుంది. సన్నని మొనలున్న మైక్రోమీటరు అనే కొలత పరికరంతో గట్టు దాటి లోపలి భాగంలో, చుట్టూ నాలుగైదు చోట్ల కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అలా కొలిస్తే మా కారు ఎడమ డిస్కు 19.5 దగ్గర ఉంది, పైగా ఒక చోటికీ మరో చోటికీ మందం సమంగా లేదు. ఔటర్ రింగు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే స్టీరింగు వణకడానికి కారణం అదే. డిస్కు వేడికి వంగిపోయిందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువ కార్లలో కనిపించేది ఈ మందం తేడాయే. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా ఉన్నా చాలు, చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడును నొక్కే పిస్టను వెనక్కీ ముందుకీ కదిలి ఆ కంపం పెడలు దాకా వస్తుంది.

డిస్కును లేతు యంత్రం మీద చెక్కించి చదును చేయిస్తే సరిపోతుందని, కొత్తది కొనడం అనవసరమని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. డిస్కు 20 మిల్లీమీటర్లకు పైన ఉన్న రోజుల్లో అది మంచి సలహాయే. 19.5 దగ్గర ఉన్న డిస్కును రెండు వైపులా పావు మిల్లీమీటరు చొప్పున చెక్కితే మాత్రం, బిగించిన రోజునే అది పనికిరాని హద్దు మీద నిలబడుతుంది. పలచబడిన డిస్కు వేడిని తక్కువగా దాచుకుంటుంది, త్వరగా కాగుతుంది, వణుకు మళ్లీ త్వరగా మొదలవుతుంది. లేతు కూలి, రెండుసార్లు విప్పి బిగించిన కూలి కలుపుకుంటే మిగిలేది కూడా అంతంత మాత్రమే.

డిస్కుల్లో నేను చూసినవి మూడు రకాలు: హోండా సొంత డిస్కులు, బ్రేకులు తయారుచేసే బ్రెంబో కంపెనీ సాదా డిస్కులు, పేరు ఊరు లేని చవక డిస్కులు. నేను బ్రెంబో తీసుకున్నాను. కంపెనీ డిస్కుల కంటే అవి మెరుగ్గా ఆపుతాయన్న భ్రమ నాకు లేదు. పోత ఇనుము డిస్కు ఎవరు చేసినా సరైన మందంతో, సమంగా, సరైన ఇనుముతో ఉంటే ఒకేలా పనిచేస్తుంది. నన్ను ఆకర్షించింది ప్యాడు రుద్దుకోని భాగాలకు వేసిన పూత. చక్రాన్ని బిగించే హబ్బు మీద కూర్చునే టోపీ భాగం, లోపలి గాలి సందులు అంత త్వరగా తుప్పు పట్టవు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో ఉండేవారికి ఈ పూత మరింత విలువైనది. రాత్రి వాన పడితే తెల్లారేసరికి ప్యాడు రుద్దే ముఖం మీద కనిపించే ఎర్రని పొర గురించి కంగారు పడనక్కర లేదు, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

చవక డిస్కును చేతిలోకి తీసుకున్నప్పుడు అంచు వైపు నుంచి చూడాలి. ఇది గాలి తిరిగే డిస్కు, అంటే రెండు పలకల మధ్య రెక్కలు ఉంటాయి. ఆ రెండు పలకలు సమానమైన మందంతో ఉండాలి. నేను చూసిన ఒక జతలో బయటి పలక లావుగా, లోపలి పలక సన్నగా ఉన్నట్టు కంటికే తెలిసింది. మొత్తం మందం 21 ఉన్నా అలాంటిది సమంగా కాగదు, సమంగా చల్లారదు. రంధ్రాలు పొడిచిన డిస్కులు, గాడులు కోసిన డిస్కులు కూడా దుకాణాల్లో వేలాడుతూ ఉంటాయి. పిల్లల్ని బడికి, పెద్దల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే కారుకు వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. రంధ్రాల వల్ల ఇనుము తగ్గుతుంది, వాటి అంచుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. గాడులు ప్యాడును గీకి చప్పుడు చేస్తాయి. ఏది కొన్నా రెండు వైపులకూ ఒకే రకం జతగా కొనాలన్నది వేరే చెప్పనక్కర లేదు.

ప్యాడ్ల విషయానికి వస్తే, లోహపు పొడి ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ రకం వేడిని బాగా తట్టుకుంటుంది కానీ డిస్కును ఎక్కువగా అరగదీస్తుంది, చల్లగా ఉన్నప్పుడు కీచుమంటుంది. సిరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, చక్రాల మీద నల్లని బూడిద తక్కువగా రాలుస్తుంది. ఈ రెండు పేర్లనూ ఎవరికి తోచినట్టు వారు డబ్బాల మీద అచ్చు వేసుకుంటున్నారు కనుక, నేను ప్యాడు అంచున ముద్రించే రెండు ఇంగ్లీషు అక్షరాలను చూస్తాను. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఆ పదార్థానికి ఉండే ఘర్షణను సూచిస్తాయి. ‘E’ (ఈ) అక్షరం అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 వరకు, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జీ అంటే 0.45 నుంచి 0.55 వరకు. ఎఫ్ఎఫ్ అని ఉంటే ఈ కారుకు చాలు. ఎఫ్ఈ లాగా మొదటి అక్షరం కంటే రెండోది తక్కువ ఘర్షణది అయితే, అంటే వేడెక్కేకొద్దీ పట్టు తగ్గేదైతే, నేను కొనను. యూరప్ నిబంధన అయిన ఈసీఈ ఆర్90 ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఆ ముద్ర పొందాలంటే ప్యాడు పనితీరు అసలు ప్యాడుకు 15 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. బాష్, బ్రెంబో, చెన్నైకి చెందిన బ్రేక్స్ ఇండియా వారి టీవీఎస్ ప్యాడ్లు, వీటిలో ఏది దొరికినా నాకు అభ్యంతరం లేదు. నేను మాత్రం హోండా కంపెనీ ప్యాడ్లే తీసుకున్నాను. వెనుక భాగాన చప్పుడు రానివ్వని షిమ్ములు అనే పలచని రేకులు సరిగ్గా అమరాయి, ఇప్పటివరకు కీచుమన్న పాపాన పోలేదు. డిస్కు ఒక కంపెనీది, ప్యాడు మరొక కంపెనీది అయితే కలవవన్న మాటలో పస లేదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. అక్కడి ఒక దుకాణంలో నాకు చూపించిన కంపెనీ డబ్బా చూడటానికి నిగనిగలాడుతూ ఉంది గానీ, లోపలి ప్యాడు అంచు వేలితో రుద్దితే పొడి రాలింది, ఇనుప పలక మీద అక్షరాలు గానీ బ్యాచి సంఖ్య గానీ లేవు. “కంపెనీదే సార్, బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తాను” అన్నారు. మరో మాట మాట్లాడకుండా బయటికి వచ్చేశాను. కారు పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు తేల్చుకోవాలి, అదే నంబరు బిల్లు మీద రాయించుకోవాలి.

ఇక బిగింపు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో సగం ఇక్కడే ఉంది. సిటీ డిస్కును హబ్బుకు పట్టి ఉంచేవి రెండు చిన్న స్టారు స్క్రూలు. ఇన్నేళ్లకు అవి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవరుతో తిప్పితే తల అరిగిపోతుంది తప్ప కదలవు. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఉన్న షెడ్డుకే వెళ్లాలి. స్క్రూలు వచ్చాక కూడా డిస్కు ఊడకపోతే దాన్ని సుత్తితో బాదనక్కర లేదు, ఎందుకంటే హోండా వారు డిస్కులోనే మరలు కోసిన రెండు రంధ్రాలు ఇచ్చారు. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు మార్చి మార్చి బిగిస్తూ పోతే డిస్కు తనంతట తానే బయటికి జరుగుతుంది.

అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. హబ్బు ముఖం మీది తుప్పును మెరిసేదాకా ఎమరీ పేపరుతో తీయాలి. హబ్బుకూ డిస్కుకూ మధ్య ఇసుక రేణువంత తుప్పు మిగిలినా డిస్కు బయటి అంచు దగ్గర అది ఊగిసలాటగా పెరుగుతుంది. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ ఊగిసలాట ఒకే చోట ప్యాడుకు రాసుకుని మందం తేడాగా మారుతుంది, వణుకు తిరిగి వస్తుంది, యజమాని డిస్కు కంపెనీని తిట్టుకుంటాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపరు జారే పిన్నులను కూడా పూర్తిగా బయటికి తీసి తుడిచి, రబ్బరును ఉబ్బించని సిలికాన్ గ్రీజు పూయాలి. ఒక ప్యాడు మందంగా, దాని జోడీ అరిగిపోయి కనిపించే కార్లలో చాలావరకు పిన్ను బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటి కారుకు ఎంత మంచి ప్యాడు వేసినా అదే గతి. కొత్త డిస్కు మీద ఉండే నూనెను బ్రేక్ క్లీనరుతో కడగడం, చివరగా చక్రం నట్లను 108 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించడం, ఈ రెండూ దగ్గరుండి చేయించాను. గాలి గన్నుతో ఎడాపెడా బిగిస్తే డిస్కు ఒక పక్కకు లాగబడుతుంది.

బిగించిన రోజు ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు నెమ్మదిగా వేగం తగ్గించి, తరువాత బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనిచ్చాము. ఆ తరువాత మెత్తదనం పోయి పెడలు కాలికి సరిగ్గా తగలసాగింది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో నిండు కారుతో, రెండో గేరులో దిగినప్పుడు కూడా పట్టు తగ్గలేదు, వాసన రాలేదు. ఆ దారిలో 40 నిమిషాల కంటే ముందుగా దిగకూడదన్న దేవస్థానం నియమాన్ని పాటించే కారుకు ఇంతకు మించిన ప్యాడు అక్కర లేదు. అయితే ఆ భరోసాలో బ్రేకు నూనెకూ వాటా ఉంది. కొత్త డాట్ 3 నూనె కనీసం 205 డిగ్రీల వరకు, డాట్ 4 నూనె 230 డిగ్రీల వరకు మరగవు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. మూడేళ్లకు మించిన నూనె ఉంటే ఇదే విడతలో మార్పించడం మేలు.

వెనుక చక్రాలకు ఉన్నవి డ్రమ్ములు. బ్రేకు భారంలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే కనుక ఆ డ్రమ్ముల లోపల రుద్దుకునే లైనర్లు చాలాకాలం వస్తాయి. మావి విప్పి, దుమ్ము తుడిచి, హ్యాండ్ బ్రేకు సర్ది వదిలేశాము. పాత డిస్కులను, ప్యాడ్లను మాత్రం షెడ్డులో వదలకుండా అడిగి తెచ్చుకోండి. నిజంగా మార్చారా లేదా అన్నది వాటి మీది పాత గీతలు చూస్తే తెలుస్తుంది, పైగా ఆ బరువైన పోత ఇనుముకు పాత సామాను బండి దగ్గర ఎంతో కొంత ధర పలుకుతుంది.