తెరిచిన ముక్కల లెక్క: సెవెన్ కార్డ్ స్టడ్‌లో ఆరేళ్ల వాడకం

సెవెన్ కార్డ్ స్టడ్ అంటే పోకర్‌లో ఒక రకం, ఒక్కొక్కరికి ఏడు ముక్కలు, కొన్ని మూసి, కొన్ని తెరిచి పంచుతారు. ఈ ఆట తెలిసినవాళ్ల కోసమే రాస్తున్నాను, అందుకే ఏ ముక్క మూసి పంచుతారు, ఏది తెరిచి పంచుతారు అన్న సంగతి వదిలేస్తున్నా. మా ఇంట్లో దీన్ని మొదలుపెట్టింది మా బావ, భీవండిలో పనిచేసినప్పుడు నేర్చుకొచ్చాడు. అంతకుముందు మాకు పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట తప్ప ఇంకోటి తెలియదు. మూడు ముక్కలాటలో ఎదుటివాళ్ల చేతిలో ఏముందో చివరిదాకా కనపడదు. స్టడ్‌లో సగానికి పైగా ముక్కలు కళ్లముందే పరిచి ఉంటాయి. ఆ పరిచిన ముక్కలు నా అవకాశాన్ని ఎంత పెంచుతున్నాయో, ఎంత తగ్గిస్తున్నాయో ఆడుతూ ఆడుతూనే చెప్పుకోవచ్చు. ఈ ఒక్క గుణం కోసమే నాకు ఈ లెక్కంటే ప్రాణం.

నాలుగు ముక్కలు వచ్చేసరికి నాలుగూ ఆటీన్లే అనుకోండి. ఇంకా మూడు రావాలి. మేం ఆరుగురం ఆడతాం. మొదటి తెరిచిన ముక్క చూసి ఇద్దరు తప్పుకుంటే, నాలుగో ముక్క పడేసరికి ఎదుటివాళ్లవి ఎనిమిది ముక్కలు నేను చూసి ఉంటాను: ఐదుగురి మొదటి తెరిచిన ముక్కలు, మిగిలిన ముగ్గురి నాలుగో ముక్కలు. నా నాలుగూ, ఆ ఎనిమిదీ పోగా చూడనివి 40. ఆ ఎనిమిదిలో ఒక్క ఆటీనూ లేకపోతే ఫ్లష్ (ఐదు ముక్కలు ఒకే రంగు, ఇక్కడైతే ఐదూ ఆటీన్లే) పడే అవకాశం 55 శాతం దాకా ఉంటుంది. ఒకటి కనపడితే 50, రెండైతే 45, మూడైతే 39, నాలుగైతే 34. అంటే ఒక్కో ఆటీను బయటపడ్డప్పుడల్లా ఇంచుమించు ఐదు తగ్గుతుంది. నేను బట్టీ పట్టింది ఇంతే. జత రాజులున్నప్పుడు ఈ మాత్రం కూడా అక్కర్లేదు. మిగిలినవి రెండే రాజులు, అందులో ఒకటి ఎవరి ముందైనా తెరిచి ఉంటే మూడో రాజు మీద ఆశ సగం పోయినట్టే.

ఇప్పుడు నన్ను పాడుచేసిన ఆట సంగతి. చెర్వుగట్టు జాతరకు చుట్టాలంతా వస్తే నార్కట్‌పల్లి దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మేం డబ్బులు పెట్టం, తలా వంద చింతగింజలు. ఆరుగురిలో ఇద్దరు మొదటి తెరిచిన ముక్క చూసే తప్పుకున్నారు. నాకు నాలుగూ ఆటీన్లే పడ్డాయి. బావ ముందు ఒక జాకీ, ఒక తొమ్మిది. ఆయన గింజలు నెట్టాక మిగిలిన ఇద్దరూ ముక్కలు బోర్లించారు. కుప్పలో 50 గింజలున్నాయి. కలపాలంటే నా దగ్గర మిగిలిన 40 మొత్తం పెట్టాలి. 40 పెట్టి 90 కోసం ఆడుతున్నానంటే నూటికి కనీసం 45 సార్లైనా గెలవాలి. అప్పటిదాకా తెరిచి ఉన్న ఆరు ముక్కల్లో ఒక్కటే ఆటీను. 48 దాకా వస్తుందని లెక్క తేల్చుకున్నాను.

"ఏంది, గంత సేపు జూస్తవ్, పెడ్తవా పడేస్తవా?" అన్నాడు బావ. పెట్టేశాను. ఆరో ముక్క ఆటీను ఆరు. బావవి రెండు జతలు. అరుగంతా ఒకటే అరుపులు. ఆ రాత్రి లెక్కే గెలిపించిందని అందరికీ చెప్పుకున్నాను.

ఉగాదికి మళ్లీ కలిసినప్పుడు ఆ ఆట మాటొచ్చింది. ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు నెమ్మదిగా అంది: "మామా, నేను పడేసింది ఆటీన్ పది. చిన్న తాతది ఆటీన్ మూడు. నువ్వు రెండూ ఇడిసిపెట్టినవ్." నిజమే. ముందే తప్పుకున్న ఆ ఇద్దరి ముక్కలు బోర్లపడి ఉన్నాయి, కంటికి లేవు, నేను లెక్కలో వేసుకోలేదు. పోయినవి ఒకటి కాదు, మూడు. నాకున్నది 48 కాదు, 39. ఆ ఆటలో నేను ముక్కలు పడేయాల్సింది. గెలిచాను కాబట్టి తప్పు చేశానన్న అనుమానమే రాలేదు. ఆ తర్వాతి ఆటల్లో అదే తప్పు చేస్తూ గింజలు పోగొట్టుకుంటూ "ముక్కలు పడట్లేదు" అనుకున్నాను. ఓడిన ఆటలను అందరం తవ్వుకుంటాం, గెలిచిన దాన్ని ఎవరు తవ్వుతారు?

అప్పట్నుంచి ఎడమచేతి వేళ్ల కణుపులు వాడుతున్నాను. మా నాయినమ్మ జొన్నలు కొలిచేటప్పుడు బొటనవేలితో కణుపులు లెక్కపెట్టేది, అదే పద్ధతి. నాకు కావలసిన రంగు ముక్క ఎవరి ముందు పడ్డా బొటనవేలు ఒక కణుపు జరుగుతుంది. వాళ్లు తర్వాత ముక్కలు బోర్లించినా వేలు వెనక్కి రాదు. నా అవసరం ఒక్క రంగుతోనే కాబట్టి ఒక్క చెయ్యి చాలు. ఒకేసారి ఫ్లష్‌కూ వరసకూ రెంటికీ చూసుకోవాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ తడబడతాను.

కళ్లముందే పరిచి ఉంటాయని మొదట్లో అన్నాను గానీ, అది ఆరుగురు కూర్చున్నప్పటి మాట. ముగ్గురమే ఆడితే నాలుగో ముక్క దాకా కనపడేవి నాలుగే, వాటితో లెక్క పెద్దగా కదలదు. ఇంకొకటి, 39 అన్నది ఫ్లష్ పడే అవకాశం మాత్రమే, గెలిచే అవకాశం కాదు. ఆ రాత్రి బావ రెండు జతల్లో ఇంకో జాకీ పడి ఉంటే ఫుల్ హౌస్ (మూడు జాకీలు, ఒక జత) అయ్యేది, అది ఫ్లష్ కంటే పెద్దది, నా ఆటీన్లు ఎందుకూ పనికొచ్చేవి కావు. ఎదుటి మనిషి నిజంగా బలమున్నవాడా, బెదిరిస్తున్నాడా అన్నది కణుపులు చెప్పవు. బావ విషయంలో ఆయన బీడీ వెలిగించే తీరే నాకు ఎక్కువ చెబుతుంది.

నాకైతే ఈ లెక్క వదలబుద్ధి కాదు. కాకపోతే నేను ఆడేది ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఇంటివాళ్లతో, చింతగింజలకు. ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టి ఆడటం తెలంగాణలో 2017 నుంచే నిషేధం, ఆ దారిలో ఇది ఎంత పనికొస్తుందని నన్ను అడగొద్దు. మీ ఇంట్లో ఐదారుగురు ఆడేవాళ్లుండి, పడేసిన ముక్కలు గుర్తుపెట్టుకునే ఓపిక మీకుంటే ఒక పండగ పూట చూడండి. మా మేనకోడలికి కణుపులు కూడా అక్కర్లేదు, ఈ ఉగాదికి గింజల డబ్బా ఆమె దగ్గరే ఉంది.