మూడు నకళ్లా, పద్నాలుగు ముక్కలా?

వేలాది డిస్కులున్న డేటా సెంటర్లో ఎప్పుడూ ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుంది. అయినా మన ఫొటోలు పోవు. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది నకళ్లు. గూగుల్ 2003లో వివరించిన జీఎఫ్ఎస్ (గూగుల్ ఫైల్ సిస్టమ్) అనే నిల్వ వ్యవస్థలో ఫైలును 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మామూలుగా మూడు యంత్రాల్లో దాచేవారు. రెండోది ఇరేజర్ కోడింగ్. ఫేస్‌బుక్ 2014లో వివరించిన ఎఫ్4 అనే నిల్వ వ్యవస్థలో పది డేటా ముక్కలకు, వాటి నుంచే లెక్కగట్టిన నాలుగు అదనపు ముక్కలు చేర్చి, పద్నాలుగింటినీ వేర్వేరు యంత్రాల్లో దాచేవారు. ఈ గణితం 1960 నాటిది; రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులది.

చోటు: నకళ్లకు మూడు రెట్లు. కోడింగ్‌కు 1.4 రెట్లే.

ముప్పు: నకళ్లలో రెండు పోయినా ఒకటి మిగులుతుంది. కోడింగ్‌లో ఏ నాలుగు పోయినా మిగిలిన పది చాలు.

ఇంత చవకగా ఇంత భద్రతా? మతలబు మరమ్మతులో ఉంది. నకలు పోతే మరో నకలు నుంచి రాసుకుంటే సరి. కోడింగ్‌లో ఒక్క ముక్క పోయినా పది ముక్కలను నెట్‌వర్క్ మీదుగా తెప్పించి లెక్క కట్టాలి. ప్రాసెసర్‌కూ, నెట్‌వర్క్‌కూ అది పెద్ద బరువే. పైగా ఒకే ఫొటోను లక్షలమంది చూస్తున్నప్పుడు మూడు నకళ్లు ఆ రద్దీని పంచుకుంటాయి; కోడింగ్‌లో ఆ వెసులుబాటు లేదు.

నిన్న పెట్టిన పెళ్లి ఫొటోకు నకళ్లే మేలు. ఎవరూ పెద్దగా తెరవని అయిదేళ్ల నాటి ఆల్బమ్‌కు కోడింగ్. యంత్రాలు నాలుగైదే ఉన్న చిన్న సంస్థ పద్నాలుగు ముక్కల జోలికి పోకుండా నకళ్లతో సరిపెట్టుకోవడమే నయం.