హ్యామర్ కనపడకపోతే డబుల్ యాక్షన్ ఓన్లీ అయిపోదు: వైజాగ్ లైసెన్సుదారులూ, జాగ్రత్త

విశాఖలో .32 (తూటా వ్యాసం, అంగుళాల్లో సుమారుగా) లైసెన్సు చేతికొచ్చి, నడుంకి పెట్టుకునే చిన్న తుపాకీ కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హ్యామర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి లాంటి భాగం) బయటికి కనపడని పాత పిస్టల్ చూపించి, "ఇది డబుల్ యాక్షన్ ఓన్లీ సార్, సేఫ్టీతో పనే లేదు, రౌండు (తూటా) ఎక్కించి పెట్టేసుకోండి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగండి. అడ్వాన్సు ఇవ్వకండి. డబుల్ యాక్షన్ ఓన్లీ అంటే, ట్రిగ్గర్ని పూర్తిగా లాగితేనే హ్యామర్ వెనక్కెళ్లి కొట్టే పద్ధతి. మా బావకి అచ్చంగా ఈ మాటలే చెప్పి, వాటికి పూర్తిగా విరుద్ధమైన తుపాకీ అంటగట్టబోయారు. డీలరు చెప్పినట్టే దాన్ని వాడి ఉంటే, ఏదో ఒకరోజు స్కూటర్ ఎక్కుతుండగానో కుర్చీలో కూర్చోబోతుండగానో తొడలోకి తూటా దిగేది.

బావది కురుపాం మార్కెట్ దగ్గర బంగారం పని. రాత్రి షాపు కట్టేసి సరుకుతో ఇంటికెళ్లాల్సిన రోజులుంటాయి, అందుకని కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ లైసెన్సు మీద వాళ్ల నాన్నగారి నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పటికే ఉంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒక మనిషికి రెండు తుపాకులు మాత్రమే, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. అంటే ఆయనకి మిగిలింది ఒక్కటే. పనికిరానిది కొంటే దాన్ని వదిలించుకుని ఇంకోటి తీసుకోవడానికి మళ్లీ కాగితాలు, మళ్లీ తిరుగుళ్లు. నేను నేవీలో ఉన్నన్నాళ్లూ చిన్న ఆయుధాల నిర్వహణ చూశాను కాబట్టి, డెలివరీ తీసుకునే ముందు ఒకసారి చూసిపెట్టమని నన్ను తోడు తీసుకెళ్లారు. అప్పటికే అడ్వాన్సు కట్టేశారు.

బల్ల మీద పెట్టింది పాత బెల్జియం తయారీ .32, ఎఫ్‌ఎన్ మోడల్ 1910. జాన్ బ్రౌనింగ్ డిజైన్. సన్నగా, నున్నగా, ఎక్కడా గుడ్డకి తగులుకునే మొన లేకుండా, సుమారు 600 గ్రాముల బరువుంటుంది. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని చంపింది ఈ మోడల్ పిస్టలే. తుపాకీలో ఏ వంకా లేదు, దాని కాలానికి గొప్ప పనితనం. కానీ అది సింగిల్ యాక్షన్. లోపల హ్యామరే ఉండదు, స్ట్రైకర్ (స్ప్రింగ్ బలంతో ముందుకి దూకి తూటాని కొట్టే సూది) ఉంటుంది. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగగానే ఆ స్ట్రైకర్ వెనక్కెళ్లి స్ప్రింగ్ బిగించుకుని కూర్చుంటుంది. ఆ బిగువుని వదలడమే ట్రిగ్గర్ పని. అలా వదిలేయకుండా కాపాడడానికే ఎడమ పక్క సేఫ్టీ లివర్, పిడి వెనక గ్రిప్ సేఫ్టీ (పిడిని ఒత్తి పట్టుకుంటేనే వదిలేది), మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీస్తే ట్రిగ్గర్ పనిచెయ్యకుండా మరో ఏర్పాటు, ఇలా మూడు పెట్టారు.

నిజమైన డబుల్ యాక్షన్ ఓన్లీ ఇలా ఉండదు. అందులో ముందుగా బిగించి ఉంచింది ఏమీ ఉండదు. ట్రిగ్గర్ నొక్కుతుంటే ఆ నొక్కుడే హ్యామర్‌ని వెనక్కి తీసుకెళ్లి, చివర్లో వదిలేస్తుంది. కాబట్టి ట్రిగ్గర్ చాలా దూరం నడుస్తుంది, బరువుగా ఉంటుంది. రివాల్వర్లలో అయితే నాలుగైదు కిలోల బలం పెట్టాలి. మొదటి తూటాకీ చివరి తూటాకీ అదే దూరం, అదే బరువు. పొరపాటున వేలు తగిలితే పేలదు, కావాలని పూర్తిగా లాగితేనే పేలుతుంది. విడిగా సేఫ్టీ లివర్ లేకుండానే వీటిలో చాలావాటిని తయారుచేసేది ఈ ధైర్యంతోనే. హడావిడిలో లివర్ వెతుక్కునే పని ఉండదు కాబట్టి దగ్గర పెట్టుకుని తిరిగేవాళ్లు వీటిని ఇష్టపడతారు. ఆ ఇష్టం సబబే. నా అభిప్రాయం అడిగినా, రోజూ సాధన చేసే తీరిక లేని వ్యాపారస్తుడికి ఈ పద్ధతే మేలంటాను. గురి కుదరడానికి మాత్రం ఎక్కువ కష్టపడాలి, పొడుగు ట్రిగ్గర్ లాగుతుంటే గొట్టం పక్కకి జరుగుతుంది.

ఇప్పుడు ఆ రెంటినీ కలిపి చూడండి. సింగిల్ యాక్షన్ పిస్టల్‌ని డబుల్ యాక్షన్ ఓన్లీ అని నమ్మినవాడు ఛాంబర్లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) రౌండు పెట్టి, సేఫ్టీ తీసేసి, నడుంలో దోపుకుంటాడు. లోపల స్ట్రైకర్ బిగించే ఉంటుంది. పిడి ఒత్తుకుని, ట్రిగ్గర్ కొంచెం నడిస్తే చాలు. ఇక్కడ అసలు ఘోరం ఇంకోటి ఉంది. ఆ పిస్టల్ సేఫ్టీ లివర్ అరిగిపోయింది. పైకి తోస్తే నిలవడం లేదు, దానంతటదే జారిపోతోంది. బావ అది గమనించి అడిగితే వచ్చిన జవాబు: "ఏటి సార్ మీరు, డబుల్ యాక్షన్‌కి సేఫ్టీ దేనికండీ? అది ఉన్నా లేనట్టే." పాడైపోయిన భాగాన్ని కప్పిపుచ్చడానికి తుపాకీ జాతే మార్చి చెప్పారు. కౌంటర్లో కుర్రాడికి తెలియదేమో అని మొదట అనుకున్నాను. యజమానిని పిలిపించి చెప్పాక కూడా అదే మాట మీద ఉన్నారు.

సరే చూద్దామని, తుపాకీని గోడవైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితోనూ తడిమి, వాళ్ల అనుమతితోనే ట్రిగ్గర్ నొక్కాను. కదల్లేదు. "చూశారా, ఎంత గట్టిగా ఉందో" అన్నారు. అది గట్టితనం కాదు, మ్యాగజైన్ లేనప్పుడు ట్రిగ్గర్‌ని ఆపేసే ఏర్పాటు. ఖాళీ మ్యాగజైన్ పెట్టి మళ్లీ నొక్కితే కొంచెం దూరంలోనే క్లిక్‌మంది. స్లైడ్ ముట్టుకోకుండా రెండోసారి నొక్కితే ట్రిగ్గర్ వదులుగా ఆడింది తప్ప ఏమీ జరగలేదు. డబుల్ యాక్షన్ అయితే రెండోసారీ మూడోసారీ అదే బరువుతో పూర్తిగా నడిచి క్లిక్‌మనాలి. మీరు చెయ్యాల్సిన పరీక్ష ఇదే. పాత తుపాకుల్లో ఖాళీగా కొడితే స్ట్రైకర్ మొన విరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి పదేపదే చెయ్యకండి, వీలైతే ఉత్తుత్తి రౌండు పెట్టించండి. అమ్మేవాళ్లు ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే అక్కడ కొనాల్సిన పని లేదు.

ఈ పరీక్షకి ఒక మినహాయింపు ఉంది. కెల్‌టెక్ పీ-32 లాంటి కొన్ని చిన్న పిస్టళ్లని డబుల్ యాక్షన్ ఓన్లీ అనే పిలుస్తారు గానీ, వాటిలో స్లైడ్ కదిలినప్పుడు హ్యామర్ కొంత బిగుసుకుంటుంది, మిగతాది ట్రిగ్గర్ పూర్తి చేస్తుంది. వాటిలో రెండో నొక్కుడు పనిచెయ్యదు, స్లైడ్ మళ్లీ లాగాలి. అందువల్ల పరీక్షతో పాటు తుపాకీ మీద చెక్కిన మోడల్ పేరు చదివి, దాని పనితీరు బయట మీరే తెలుసుకోండి. కోల్ట్ 1903 పాకెట్ మోడల్ కనిపిస్తే మరీ జాగ్రత్త. అది కూడా .32, అందులో హ్యామర్ ఉంది, స్లైడ్ కింద దాగి ఉంటుంది, అదీ సింగిల్ యాక్షనే. వ్యక్తులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల నడుమ నుంచీ దాదాపు ఆగిపోయింది. మన దగ్గర చేతులు మారుతున్నవి చాలావరకు ఇలాంటి పాతకాలపువే, ధర మాత్రం లక్షల్లో. అంత పెట్టేటప్పుడు మొహమాటపడకండి.

రివాల్వర్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. హ్యామర్ తోక (బొటనవేలితో వెనక్కి లాగే కొన) కోసేసిన రివాల్వర్ చూపించి డబుల్ యాక్షన్ ఓన్లీ అంటారు. 1938లో బ్రిటిష్ సైన్యం ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌ని అలా మార్చిన మాట నిజమే, ట్యాంకుల్లో దూరేటప్పుడు హ్యామర్ తగులుకోకుండా తోక తీసేశారు, లోపల సింగిల్ యాక్షన్ గాడి (హ్యామర్‌ని బిగించి నిలిపి ఉంచేది) కూడా తీసేశారు. వీధి మెకానిక్ ఆకురాయితో తోక మాత్రం అరగదీస్తాడు, లోపలి గాడి అలాగే ఉంటుంది. లైసెన్సు లేనివాడు తుపాకీని మరమ్మతు చెయ్యడం, మార్చడం ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం. మా విషయంలోనూ ఆఖరికి "ఇది వద్దంటే వేరే రివాల్వర్ ఇస్తాం, ట్రిగ్గర్ బరువుగా ఉంటే స్ప్రింగ్ తేలిక చేయించి ఇస్తాం" అన్నారు. దానికీ ఒప్పుకోకండి. స్ప్రింగ్ తేలికైతే హ్యామర్ దెబ్బ బలం తగ్గి, ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే భాగం) అంటుకోకపోవచ్చు. ఏ బరువు కోసం ఆ పద్ధతిని ఎంచుకున్నామో ఆ బరువే పోతుంది.

ఇంకో మోసం తూటాలది. పిస్టల్ .32, రివాల్వర్ .32 అని ఒకే అంకె రాసి ఉన్నా తూటాలు వేరు. పిస్టల్‌ది 7.65×17 మి.మీ., రివాల్వర్‌ది పొడుగు, అంచున్న .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. బిల్లు మీద ఏ తూటా అన్నది స్పష్టంగా రాయించుకోండి. డీలరు కాకుండా మరో లైసెన్సుదారు దగ్గర కొంటుంటే, అమ్మేవాళ్లు ముందే పోలీసులకో జిల్లా మెజిస్ట్రేటుకో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు గడవాలి. ఈలోగా "తుపాకీ మీ దగ్గర ఉంచండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు, ఇరుక్కునేది మీరే.

నిజమైన డబుల్ యాక్షన్ దొరికినా, ట్రిగ్గర్ పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్ లేకుండా పెట్టుకోకండి. ప్యాంటు జేబులో తాళాలతో పాటు పడేస్తే ఎంత బరువు ట్రిగ్గర్ అయినా కాపాడదు. 2016 ఆయుధాల నిబంధనలు కూడా బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో గానీ వీపు సంచి లాంటిదానిలో గానీ, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండాలంటాయి. బయటికి కనపడేలా పెట్టుకోవడం దర్పం అనుకునేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు, అది నిబంధనకి విరుద్ధం. ఇక ఇంట్లో పిల్లలుంటే, ట్రిగ్గర్ బరువుని నమ్ముకుని తుపాకీని బీరువా బయట ఉంచొద్దు. రెండు చేతులతో లాగితే పిల్లల బలం సరిపోతుంది.

మన సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. చొక్కా కింద చెమట, పైనుంచి ఉప్పుగాలి, తడి పీల్చుకునే తోలు హోల్‌స్టర్. వేసవిలో కొద్దిరోజులకే స్లైడ్ మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. ఆ బెల్జియం పిస్టల్ పిడి చెక్కలు విప్పమంటే విప్పారు, లోపలంతా తుప్పు. పైన మాత్రం కొత్తగా నల్లరంగు పట్టించారు. పాతది కొనేటప్పుడు పిడి చెక్కల కింద చూడకుండా ధర మాట్లాడొద్దు. మీదైతే రోజూ రాత్రి పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, హోల్‌స్టర్‌లోంచి తీసి విడిగా భద్రపరచండి.

బావ ఆ పిస్టల్ వద్దన్నారు. అడ్వాన్సు అడిగితే "పర్మిషన్ పనులు మొదలెట్టేశాం, తిరిగివ్వడం కుదరదు" అన్నారు. ఏ పనులు మొదలయ్యాయో కాగితం చూపించమంటే చూపించలేదు. రసీదులో "డబుల్ యాక్షన్ ఓన్లీ పిస్టల్" అని వాళ్ల చేతిరాతే ఉంది. మాకిప్పుడు ఉన్న బలం అదే. మీరూ రసీదు మీద మోడల్, నంబరు, పనిచేసే పద్ధతి, సేఫ్టీ స్థితి రాయించుకోకుండా రూపాయి కట్టొద్దు. రాతపూర్వక నోటీసు పంపాం, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం, స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. సేఫ్టీ పాడైన తుపాకీని అమ్మకానికి పెట్టారని కమిషనరేట్‌కి విడిగా రాసిచ్చాం. బావ ప్రస్తుతం కాన్పూర్ తయారీ .32 రివాల్వర్లు చూస్తున్నారు. వాటికి హ్యామర్ బయటికే ఉంటుంది, రెండు పద్ధతుల్లోనూ పేలుతుంది, అందులో దాచిపెట్టి చెప్పడానికి ఏమీ లేదు. ఆయన హ్యామర్ ముందుగా లాగకుండా పొడుగు ట్రిగ్గర్‌తోనే సాధన చేస్తానంటున్నారు, నేనూ అదే చెప్పాను.

ఇలాంటి మాట నమ్మి ఇప్పటికే కొనేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళే మ్యాగజైన్ తీసి, గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, ఛాంబర్ ఖాళీ చెయ్యండి. అది ఏ పద్ధతిదో లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర తేల్చుకునేదాకా ఛాంబర్లో రౌండు పెట్టుకుని బయటికి వెళ్లకండి. మోడల్ పేరు చెబితే నాకు తెలిసినంతవరకు చెబుతాను. తుపాకీ నంబరు, లైసెన్సు నంబరు మాత్రం ఎవరికీ బహిరంగంగా పెట్టకండి.