ఎంబ్లెక్స్ పరీక్ష: వరంగల్ వైపు నుంచి వెళ్లే మాలిష్ పనివాళ్లకు ఒక సమీక్ష

అమెరికాలో మసాజ్ థెరపిస్టుగా లైసెన్సు కావాలంటే చాలా రాష్ట్రాల్లో ముందు దాటాల్సింది ఎంబ్లెక్స్. ఫెడరేషన్ ఆఫ్ స్టేట్ మసాజ్ థెరపీ బోర్డ్స్ దీన్ని 2007 నుంచి నడుపుతోంది. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి అక్కడికి వెళ్లిన ఫిజియోథెరపీ, పంచకర్మ, పార్లర్ పని తెలిసినవాళ్లు మళ్లీ అదే పనిలో నిలబడాలంటే దీన్ని తప్పించుకోలేరు. పరీక్ష గట్టిది, పద్ధతిగా ఉంటుంది, పెట్టిన పైసలకు న్యాయం చేస్తుంది. కాకపోతే మీ చేతిపనిని ఒక్క నిమిషం కూడా చూడదు. పదేళ్లు మాలిష్ చేసిన చేయి ఉన్నా ఇక్కడ మార్కులు తెచ్చేది చదువే.

ఫీజు 265 డాలర్లు, మన లెక్కలో 22 వేలు దాటుతుంది. కంప్యూటర్ మీద 100 ప్రశ్నలు, 110 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఆరు సెకన్లు. ఇంగ్లిష్‌లో గానీ స్పానిష్‌లో గానీ రాయాలి, తెలుగు లేదు. ఒక ప్రశ్నకు జవాబు పెట్టాకే తర్వాతిది తెరుచుకుంటుంది. వదిలేసి ముందుకు పోవడం, చివర్లో వెనక్కొచ్చి దిద్దుకోవడం కుదరదు. ఎంసెట్ అలవాటుతో 'తెలిసినవి ముందు, తెలియనివి తర్వాత' అనుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, 630 వస్తే పాస్. దాన్ని 63 శాతం అనుకోవద్దు, ప్రశ్నల కష్టాన్ని బట్టి లెక్కగట్టే స్కోరు అది.

పాఠ్యాంశాల వాటా చూస్తే పరీక్ష మనసు అర్థమవుతుంది. శరీర నిర్మాణం, దాని పనితీరు 11 శాతం. కండరాలు, కీళ్ల కదలిక 12 శాతం. రెండూ కలిపినా పావు వంతు లేదు. క్లయింటును అంచనా వేసి చికిత్స ప్లాన్ చేయడం 17, నీతి నియమాలు, చట్టం 16, మసాజ్ వల్ల శరీరంలో జరిగే మార్పులు 15, వృత్తి నిర్వహణ 15, రోగాలు, మసాజ్ చేయకూడని సందర్భాలు 14. మనవాళ్లు మాత్రం నెలల తరబడి కండరాల పేర్లే బట్టీ పడతారు. సుప్రాస్పైనాటస్, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టెరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అని భుజం చుట్టూ ఉన్న నాలుగూ గడగడా చెప్పగలిగినా, ఎవరిని ముట్టుకోకూడదో తెలియకపోతే గట్టెక్కరు.

ఆ ముట్టుకోకూడని భాగమే ఈ పరీక్షలో అన్నింటికన్నా విలువైనదని మా అభిప్రాయం. ఒక పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే అది లోతు సిరలో రక్తం గడ్డ కావచ్చు. అక్కడ ఒత్తితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో కాలు వాచిందనగానే నూనె రాసి గట్టిగా తోమడం మామూలు. పరీక్షలో సరైన జవాబు మాత్రం మసాజ్ ఆపి డాక్టరు దగ్గరికి పంపడం. జ్వరం ఉంటే ఒళ్లంతటికీ వద్దు. ఉబ్బిన సిరలుంటే ఆ చోటు వదిలి మిగతా చోట చేయొచ్చు. 'అసలే వద్దు', 'ఆ చోట వద్దు' అనే ఈ రెండింటి తేడా మీదే ప్రశ్నలు తిరుగుతాయి. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఒత్తిడి ఎక్కువైనా చెప్పలేరు, కాబట్టి అక్కడ తేలికగా చేయాలి. ఇన్సులిన్ సూది అప్పుడే వేసిన చోట అసలు తాకకూడదు. ఉత్తర తెలంగాణలో బోదకాలు చూసి ఎరిగినవాళ్లకు లింఫ్ వాపు ప్రశ్నలు తొందరగా అర్థమవుతాయి.

ఆయుర్వేదం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు. అభ్యంగంలో సాధారణంగా వెంట్రుకలు వాలిన దిశలో పైనుంచి కిందికి రాస్తాం. ఎంబ్లెక్స్ నమ్మే స్వీడిష్ పద్ధతిలో చేతులు, కాళ్ల మీద లోతైన ఒత్తిడి గుండె వైపుకే, సిరల్లో రక్తం వెనక్కి నడిచే దారిలో. అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల ఉన్న ఊరివాళ్లం, మన పద్ధతి తప్పని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. పరీక్ష హాల్లో మాత్రం వాళ్ల జవాబే పెట్టాలి. ఎఫ్లూరాజ్ (నిమరడం), పెట్రిసాజ్ (పిసకడం), ఫ్రిక్షన్ (రుద్దడం), టపోట్‌మెంట్ (తట్టడం), వైబ్రేషన్ (అదిరించడం) అనే ఐదు పట్లు, ఏది నరాలను శాంతపరుస్తుంది, ఏది ఉత్తేజపరుస్తుంది అన్నది జతగా నేర్చుకోవాలి.

నీతి నియమాల ప్రశ్నలు తేలికనిపించి ముంచుతాయి. మన దగ్గర క్లయింటు కాస్తా నాలుగు రోజుల్లో అక్కో వదినో అవుతుంది. 'ఈ గోలీ వేసుకో, ఆ కషాయం తాగు' అని చెప్పడం ఆప్యాయత. అక్కడ అది థెరపిస్టు పరిధి దాటడం. రోగం పేరు చెప్పకూడదు, మందు చెప్పకూడదు. రికార్డు రాయడంలోనూ అంతే కచ్చితం: 'భుజం నొప్పి' అని క్లయింటు చెబితే ఎస్ (సబ్జెక్టివ్, క్లయింటు చెప్పింది) కింద, ఒక భుజం ఎత్తుగా ఉందని మీరు గమనిస్తే ఓ (ఆబ్జెక్టివ్, మీరు చూసింది) కింద రాయాలి.

దరఖాస్తులో మనవాళ్లను ఎక్కువగా ఏడిపించేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పరీక్ష కేంద్రంలో చూపే గుర్తింపు కార్డు మీద పేరూ, దరఖాస్తులో పేరూ ఒకటి కాకపోతే లోపలికి పంపరు. ఫీజు కట్టకముందే దీన్ని సరిచేసుకోండి, అనుమతి వచ్చాక 90 రోజుల్లో పరీక్ష రాసేయాలి.

పాసైనంత మాత్రాన లైసెన్సు రాదు. టెక్సాస్ 500 గంటల శిక్షణ అడుగుతుంది, న్యూయార్క్ 1000 గంటలు. మన సర్టిఫికెట్ల గంటలు ఎంత లెక్కలోకి వస్తాయో వెళ్లబోయే రాష్ట్రం బోర్డునే ముందు అడగాలి. 1943లో మొదలైన అమెరికన్ మసాజ్ థెరపీ అసోసియేషన్ సభ్యత్వం వేరే విషయం. దాంతో వృత్తి బీమా వస్తుంది, అయితే అది లైసెన్సుకు బదులు కాదు. హన్మకొండలోనే పని చేసుకునేవాళ్లకు ఈ ఖర్చు దండగ. వాళ్లకు ప్రాక్టికల్ కూడా చూసే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి స్పా థెరపిస్ట్ సర్టిఫికెట్ మేలు.

ఫెయిలైతే 30 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి. ఫలితంతో పాటు ఏ విభాగంలో బలహీనంగా ఉన్నారో కాగితం ఇస్తారు. దాన్ని పక్కన పడేసి మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టొద్దు. అందులో వెనకబడ్డ విభాగాలను ముందు పట్టుకుంటే ఆ నెల సరిపోతుంది.