పూల్ పంపు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇచ్చేముందు జాగ్రత్త: 9,800 కట్టాక తెలిసిన సంగతి

కంపెనీ పేరు రాయడం లేదు, మా డబ్బు సంగతి ఇంకా తేలలేదు కాబట్టి. కానీ విశాఖలో ఎండాడ, రుషికొండ, మధురవాడ వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు పంపు మెయింటెనెన్స్ ఎవరికైనా ఇవ్వబోతుంటే సంతకం పెట్టేముందు ఇది చదవండి.

పోయినేడాది 42,000కి ఏఎంసీ ఇచ్చాం, నెలకి రెండు విజిట్లు. ఒక కుర్రాడు వచ్చేవాడు, పంపు ముందు చెత్త ఆపే బాస్కెట్‌లో ఆకులు దులిపి, కార్డు మీద ‘ప్రెషర్ 12, పంపు ఓకే’ అని రాసి, వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఏడాది పొడుగునా అదే 12. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్‌ని కదా, ఆ కార్డు చూసి ముచ్చటపడింది కూడా నేనే.

మే నెలలో, సరిగ్గా పిల్లల సెలవుల్లో, స్విచ్ వేస్తే గుయ్యిమని మోత తప్ప పంపు తిరగడం లేదు. వాళ్లొచ్చి అర నిమిషం చూసి ‘వైండింగ్ కాలిపోయింది సార్, ఇది ఏఎంసీలోకి రాదు’ అన్నారు. వైండింగ్ అంటే మోటారు లోపల చుట్టిన తీగ. మోటారు ఊడదీసి పట్టుకెళ్లి, నాలుగు రోజులకి తెచ్చి బిగించి 9,800 బిల్లు చేతిలో పెట్టారు. పిల్లల గొడవ ఒకటి, ఇచ్చేశాం.

రెండు నెలలు కాకుండానే కీచుమని అరుపు. ఈసారి కొత్త పంపే వెయ్యాలన్నారు, 46,000 అట. నాకు మనసొప్పలేదు. నేనూ సెక్రటరీగారూ దాన్ని ఆటోలో వేసుకుని గాజువాక ఆటోనగర్‌లో మోటార్లు చుట్టే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన విప్పి చూసి నవ్వాడు. ‘ఏటి బాబూ, దీనికి వైండింగ్ ఎవులు సేసినారు? కంపెనీ తీగే ఉంది కదా.’ అందులో కొత్తది కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న భాగం) ఒక్కటే. సింగిల్ ఫేజ్ మోటారు గుయ్యిమంటూ తిరక్కపోతే ముందు చూడాల్సింది దాన్నేనట, ఖరీదు మూడు నాలుగు వందలు.

అసలు ఒళ్లు మండింది ఆ తర్వాత. అరుపు బేరింగులది, తుప్పు పట్టిపోయాయి. సముద్రం పక్కన కదా, ఉప్పుగాలి అనుకున్నాం మేము. కాదన్నాడాయన. మోటారుకీ పంపుకీ మధ్య మెకానికల్ సీల్ ఉంటుంది, అది పాడైతే నీళ్లు షాఫ్ట్ వెంబడి బేరింగు దాకా పోతాయి. ఆ సీల్‌ని చల్లగా ఉంచేది పంపులోని నీళ్లే, అవి లేకుండా కాసేపు తిరిగినా కాలిపోతుంది. మా పంపుకి నీళ్లు అందకపోవడానికి కారణం ఆ కుర్రాడు బాస్కెట్ మూత కింది ఓ-రింగ్‌కి (గాలి చొరబడకుండా ఉండే రబ్బరు రింగు) బళ్లకు వేసే గ్రీజు పూయడం. ఆ గ్రీజుకి రబ్బరు ఉబ్బి వదులైపోయి, ఆ సందులోంచి పంపు గాలి లాక్కుంటోంది. సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు కొంటే సరిపోయేదానికి! మూతలోంచి బుడగలు కనిపిస్తున్నాయని నాలుగో ఫ్లోర్ మేడమ్ రెండుసార్లు అడిగితే ‘అది మామూలేనండి’ అన్నాడట.

ఇక ఆ 12 సంగతి. పంపు ఆటోనగర్‌లో ఉంది, ఇక్కడ ఫిల్టర్ మీద గేజ్ మాత్రం నిక్షేపంగా 12 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తోంది. ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది. శాండ్ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చెయ్యాలి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఇసుక కడగాలి. గేజే చచ్చిపోయాక ఎప్పుడు చేశారో, అసలు చేశారో లేదో దేవుడికెరుక.

బేరింగులు, సీల్, ఓ-రింగ్, కొత్త గేజ్, కూలీతో కలిపి 3,900 అయింది. పంపు ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

మీ దగ్గర పంపు ఆపి గేజ్ ముల్లు సున్నా దగ్గరికి పడుతుందో లేదో చూడండి, దానికి మెకానిక్ అక్కర్లేదు. మోటారు పంపుకి కలిసేచోట తడిగానీ తెల్లటి చారగానీ ఉంటే సీల్ కారుతున్నట్టే, అప్పుడే మార్పిస్తే బేరింగులు బతుకుతాయి. సీల్, ఓ-రింగ్, కెపాసిటర్ ఏఎంసీలోకి వస్తాయో రావో పేరుపేరునా కాగితం మీద రాయించుకోండి, ఏది మార్చినా పాతది మీ చేతికివ్వాలని కూడా. మా తప్పు అదే, పాత వైండింగ్ తీగ అడిగి ఉంటే మేలో దొరికిపోయేవాళ్లు. ఇంకోటి, పంపు తిరుగుతుండగా మల్టీపోర్ట్ వాల్వ్ (ఫిల్టర్‌కి నీళ్ల దారి మార్చేది) హ్యాండిల్ తిప్పనివ్వకండి, లోపలి గాస్కెట్ పోతుంది (మావాడు అదీ చేసేవాడని వాచ్‌మన్ ఇప్పుడు చెప్తున్నాడు, ఏం చేస్తాం).

9,800 వెనక్కి అడిగితే ‘వచ్చే ఏడాది ఏఎంసీలో 5,000 తగ్గిస్తాం సార్’ అంటున్నారు. వచ్చే ఏడాదట! రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చాం, ఇంకా జవాబు లేదు. వస్తే ఇక్కడే రాస్తాను.