కొండకు వెళ్లేటప్పుడు బెంథామ్–హుకరా, ఏపీజీయా?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు: మొక్కల కుటుంబాలను బెంథామ్, హుకర్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తల పాత పద్ధతిలో నేర్చుకోవాలా, ఏపీజీ (యాంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్) అనే శాస్త్రవేత్తల బృందపు కొత్త పద్ధతిలోనా? పరీక్షల సంగతి అటుంచి, చేతిలో మొక్క ఉన్నప్పుడు ఏది అక్కరకొస్తుందో చూద్దాం.

బెంథామ్, హుకర్ తమ గ్రంథాన్ని 1862–1883 మధ్య ప్రచురించారు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో దాచిన ఎండు మొక్కల నమూనాలను స్వయంగా పరిశీలించి రాసినందువల్ల అందులోని వర్ణనలను ఇప్పటికీ నమ్మవచ్చు. రేకులు విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయాయా, అసలు లేవా? ద్విదళబీజాల్లో (గింజలో రెండు బద్దలుండే మొక్కల్లో) పెద్ద విభజన అంతా ఈ ప్రశ్నల మీదే నడుస్తుంది. హుకర్ డార్విన్‌కు ఆప్తమిత్రుడే. అయినా పరిణామ సిద్ధాంతానికి ఈ వర్గీకరణలో చోటు దక్కలేదు, విచిత్రమే మరి!

ఏపీజీ 1998లో మొదలైంది. 2016 నాటి నాలుగో కూర్పులో 64 క్రమాలు (కుటుంబాల గుంపులు), 416 కుటుంబాలు ఉన్నాయి. దీనికి ఆధారం ముఖ్యంగా డీఎన్‌ఏ.

తేడా తెలియాలంటే కలువ, తామర చూడండి. కలువ ఆకుకు కాడ దాకా చీలిక ఉంటుంది, తామరాకు గుండ్రంగా ఉండి కాడ సరిగ్గా నడిమికి అతుక్కుని ఉంటుంది. నీళ్లలో పెరుగుతాయి, రేకులు బోలెడు కాబట్టి బెంథామ్–హుకర్ రెండింటినీ ఒకే కుటుంబంలో పెట్టారు. డీఎన్‌ఏ చూస్తే కలువ పూల మొక్కల వంశవృక్షంలో చాలా ముందే విడిపోయిన కొమ్మ. తామరకు దగ్గరి చుట్టాలు కశ్మీర్ చినార్, తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్! ఎంతసేపు చూసినా కంటికి దొరకని చుట్టరికం ఇది. ఇక్కడ ఏపీజీదే పైచేయి, వాదనే లేదు.

జిల్లేడు దగ్గర మాత్రం నాకు పాత పద్ధతే ఇష్టం. పువ్వు మధ్య ఐదు మూలల దిమ్మె ఉంటుంది. దాని గాడిలో గుండుసూది మొన పెట్టి మెల్లగా పైకి లాగితే, మైనంలాంటి రెండు పసుపు సంచులు జంటగా వేలాడుతూ బయటికొస్తాయి. పుప్పొడి అంతా ఆ సంచుల్లోనే. ఈ ఒక్క గుర్తుతో బెంథామ్–హుకర్ జిల్లేడును గన్నేరు, నందివర్ధనాల నుంచి వేరు చేసి ఆస్క్లిపియడేసి కుటుంబంలో ఉంచారు. ఏపీజీ దాన్ని మళ్లీ గన్నేరు కుటుంబమైన అపోసైనేసిలో కలిపేసింది. చుట్టరికం ప్రకారం అదే సరైనది కావచ్చు, కానీ ఎండలో నిలబడి మొక్కను గుర్తుపట్టేవాడికి ఆ సంచుల జంట ఎంతో అక్కరకొస్తుంది.

బూరుగు కథ ఇంకో తీరు. బెంథామ్–హుకర్ దాన్ని మందార కుటుంబంలోనే ఉంచారు. తర్వాతి వాళ్లు విడదీశారు, ఏపీజీ మళ్లీ అక్కడికే చేర్చింది. పాతదంతా తప్పు అనుకోవద్దని పిల్లలకు చెప్పడానికి ఇది చాలు. టేకు మాత్రం వర్బినేసి వదిలి తులసి కుటుంబానికి వెళ్లిపోయింది.

కుటుంబం మారితే శాస్త్రీయ నామం మారుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఎర్రచందనం ఎక్కడ పెట్టినా టెరోకార్పస్ శాంటలైనస్సే. ప్రజాతి (జీనస్, అంటే పేరులోని మొదటి మాట) మారితే మాత్రం పేరు మారుతుంది, కేసియా ఆరిక్యులేటా అన్న తంగేడు సెన్నా ఆరిక్యులేటా అయినట్టు.

ఒక్కటే ఎంచుకోమంటే, కొండకు వెళ్లే విద్యార్థికి నా ఓటు ముందు బెంథామ్–హుకర్‌కే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు మొక్కలపై బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త గ్యాంబుల్ మొదలుపెట్టిన గ్రంథం ఆ వరుసలోనే ఉంది, మన జిల్లా మొక్కలు వెతకాలంటే దాన్ని తిరగేయక తప్పదు. గుర్తుపట్టాక నమూనా చీటీ మీద ఏపీజీ కుటుంబం రాసుకోండి.

శేషాచలంలో సైకస్ బెడ్డోమీ అనే పూలు పూయని వివృతబీజ మొక్క (గింజలు కాయలో దాగకుండా బయటికే ఉండే రకం) ఎదురైతే మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. బెంథామ్–హుకర్ వివృతబీజాలను ద్విదళ, ఏకదళ బీజాల మధ్య ఇరికించారు, ఏపీజీ పూల మొక్కలను తప్ప మరి దేన్నీ పట్టించుకోదు. పైగా అది ఈ ప్రాంతపు కొండలకే పరిమితమైన అరుదైన మొక్క. ఆకు కూడా తుంచకండి, ఫొటో తీసుకుంటే చాలు.