జాగ్రత్త: పిల్లల పళ్ళకి ‘సీలెంట్ ప్యాకేజీ’ అనగానే డబ్బు కట్టేయకండి

వైజాగ్‌లో ఆరేడేళ్ళ పిల్లలున్న అమ్మానాన్నలు ఇది తప్పక చదవాలి. మా పాపకి ఆరున్నరేళ్ళు. మొన్న వేసవి సెలవుల్లో, సింహాచలం చందనోత్సవం అయిన వారంలో, ఊళ్ళోనే ఒక డెంటల్ క్లినిక్‌లో నాలుగు దవడ పళ్ళకి సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా పంటి పైన వేసే పలచటి పూత, వేయించాం. పంటికి 1500 చొప్పున 6000 రూపాయలు. దసరాకల్లా మూడు పళ్ళకి పని చెడింది. రెండింటి మీద పూర్తిగా ఊడిపోయింది, ఒకదాని మీద సగం లేచిపోయి దాని కింద పుచ్చు మొదలైంది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు.

ముందు ఒకటి స్పష్టంగా చెప్పాలి. సీలెంట్ అనేది మోసం కాదు, మంచి పని. ఆరేళ్ళు వచ్చేసరికి పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, పైన రెండు, కింద రెండు కొత్త దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కదా అని చాలామంది వాటినీ పాలపళ్ళే అనుకుంటారు. మా అత్తగారు కూడా “ఎలాగూ ఊడిపోయే పళ్ళకి ఇంత ఖర్చెందుకమ్మా” అన్నారు. కానీ అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి పైన సన్నగా, లోతుగా గాళ్ళుంటాయి. బ్రష్ కుచ్చు వాటిలోకి దిగదు. జీళ్ళు, బిస్కెట్లు, చాక్లెట్లు అక్కడే ఇరుక్కుని పుచ్చు పడుతుంది. ఆ గాళ్ళని సీలెంట్‌తో మూసేస్తే రెండేళ్ళపాటు దవడ పళ్ళ పుచ్చుల్లో 80 శాతం ఆగుతాయని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు. ఇదంతా చదువుకునే వెళ్ళాను. దాన్ని ఎలా వెయ్యాలో మాత్రం చదవలేదు.

ఆ రోజు నన్ను బయట కూర్చోమన్నారు. అద్దం తలుపులోంచి కనబడుతూనే ఉంది. ఏదో జెల్ రాశారు, నీళ్ళు కొట్టారు. పాప లేచి ఉమ్మింది, నోరు మూసింది, మళ్ళీ తెరిచింది. వెంటనే సీలెంట్ పెట్టి నీలం లైటు చూపించారు. దూది పెట్టడం నేను చూడలేదు. పది నిమిషాల్లో నాలుగు పళ్ళూ అయిపోయాయి. “ఇంక ఈ పళ్ళకి జన్మలో పుచ్చు రాదు మేడమ్” అన్నారు. మళ్ళీ ఎప్పుడు చూపించాలో చెప్పలేదు.

దసరా సెలవుల్లో చేగోడీ తింటూ పాప “అమ్మా, ఇక్కడ ఇరుక్కుంటోంది” అంది. ఫోన్ టార్చి వేసి చూస్తే కింది పంటి మీద గోధుమరంగు గీత. ఈసారి వేరే చోట, పిల్లల పళ్ళకే ప్రత్యేకంగా ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) చేసిన డాక్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా చెప్పిన మాటలే మీకు అసలు కావాల్సినవి.

సీలెంట్ నిలవాలంటే పన్ను పొడిగా ఉండాలి. ముందు పన్ను శుభ్రం చేసి, చుట్టూ దూదిచుట్టలో రబ్బరు షీటో పెట్టాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు ఉంచి, కడిగి, గాలితో ఆరబెట్టాలి. అప్పుడు ఆ చోటు సున్నం పూసినట్టు పాలిపోయి తెల్లగా కనబడాలి. ఆ తర్వాత ఉమ్మి తగిలిందా, మళ్ళీ జెల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. తడి మీద వేసింది నిలవదు. చివర్లో సన్నటి పరికరంతో గీకి చూసి గట్టిగా పట్టుకుందో లేదో తేల్చుకోవాలి, కొరికినప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలుస్తున్నాయో చూడాలి.

ఇంకో సంగతి వింటే నాకు కడుపు రగిలిపోయింది. పాప పై పళ్ళు రెండూ అప్పటికి పూర్తిగా బయటికి రానేలేదట. ఇప్పటికీ వెనక భాగం చిగురు కిందే ఉంది. అలాంటి పన్ను పొడిగా ఉంచడం కష్టం. కొన్నాళ్ళు ఆగాలి, లేదా తాత్కాలికంగా గ్లాస్ అయనోమర్ అనే, కాస్త తడిని తట్టుకునే పదార్థం వేయాలి. అవేవీ చూడకుండా నాలుగింటికీ బిల్లు వేశారు. కింది పంటి పుచ్చు ముందే ఉందా, సీలెంట్ లేచాక వచ్చిందా అని అడిగితే, ఇప్పుడు చెప్పలేమన్నారు. వేసేముందు సరిగ్గా పరీక్ష చేసి రాసిపెట్టి ఉంటే తెలిసేది.

క్లినిక్‌కి వెళ్ళి అడిగితే “పాప చాక్లెట్లు తింటుంది కదండీ, ఊడదా మరి? మళ్ళీ వేయాలంటే మళ్ళీ కట్టాలి” అన్నారు. బిల్లు తీస్తే ‘ప్రివెంటివ్ కేర్ ప్యాకేజీ’ అని ఒకే ముక్క. ఏ పన్నో, ఏం వేశారో లేదు. మీరు మాత్రం బిల్లు మీద పంటి నంబర్లు రాయించుకోండి. ఈ ఆరేళ్ళ దవడ పళ్ళ నంబర్లు 16, 26, 36, 46. పాలపళ్ళవి 50 పైన ఉంటాయి. పదార్థం పేరు కూడా అడగండి. పాప క్లాస్‌మేట్ వాళ్ళమ్మకి ఇంకో చోట సీలెంట్ అని చెప్పి ఫ్లోరైడ్ వార్నిష్ పూసి పంపారు. వార్నిష్ కూడా మంచిదే, కానీ అది వేరే పని. బ్రష్‌తో పూసేస్తారు, మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ పూయాలి. సీలెంట్ ఖరీదు దానికి కట్టక్కర్లేదు.

జన్మంతా గ్యారంటీ అన్నవాళ్ళని నమ్మకండి. సరిగ్గా వేసినా ఆరు నెలలకోసారి చూపించి, లేచిన చోట మళ్ళీ వేయించుకోవాలి. పళ్ళ మధ్య సందుల్ని అది కాపాడదు, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమించడం మానకూడదు. ఎవరి మాటైనా అనుమానంగా ఉంటే డబ్బు కట్టేముందే రుషికొండలోనో సంగివలసలోనో ఉన్న డెంటల్ కాలేజీలో చూపించండి.

మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం, బిల్లు ఫోటో, కొత్త డాక్టర్‌గారి రిపోర్టు జతచేశాం. పుచ్చు పైపైనే ఉండడంతో చిన్న ఫిల్లింగ్‌తో సరిపోయింది. పై పళ్ళు పూర్తిగా వచ్చాక సంక్రాంతి తర్వాత రమ్మన్నారు. తల్లి కుర్చీ పక్కనే నిలబడొచ్చని ఆవిడే అన్నారు.